దగ్గరికి పోయే మనిషి

బోగోలు దగ్గర మా వేరుశనగ చేలో అడవిపంది పడితే అందరూ గట్టు మీద నుంచి రాళ్లు రువ్వేవాళ్లు. మా పెద్దమ్మ కొడుకు మాత్రం బల్లెం పట్టుకొని ఎదురుపోయేవాడు. ఒకసారి పంది అన్న తొడ చీల్చినా, దాని మెడలో దింపిన బల్లెం వదల్లేదు.

"దగ్గరికి పోవద్దని ఎన్నిసార్లు చెప్పాల్రా!" నెత్తురు తుడుస్తా తిట్టింది పెద్దమ్మ.

"దగ్గరికి పోతేనే పనయ్యేది అమ్మా," అని నవ్వినాడు.

మిలిట్రీలో చేరినాక, పాకిస్తాన్ యుద్ధంలో శత్రువుల మిషన్‌గన్ మనవాళ్లను కోసేస్తుంటే, తూటాలు దిగిన ఒంటితో పాక్కుంటా పోయి, బంకరు కంతలో చేత్తోనే గ్రెనేడు పెట్టినాడంట. అది అన్ననీ ముక్కలు చేసింది.

పతకం ఇచ్చేరోజు ఆఫీసరు చదివిందంతా నేనే పెద్దమ్మకు తెలుగులో చెప్పినాను. చివరిదాకా వినింది.

"ఆయన్ని అడుగు అబ్బయా. దగ్గరికి పోవద్దురా అని చెప్పేదానికి ఆడ ఒక్కరూ లేరా?"