మూడంగుళాలు ఇరుకైన రైలు

నూజివీడు అనే పేరుతో ఒక రైలుస్టేషన్ ఉంది గాని, అది నూజివీట్లో లేదు. బాపులపాడు దగ్గర ఉంది. మా ఊరివాడు రైలెక్కాలంటే ముందు బస్సెక్కాలి. బస్సు రావాలంటే పుణ్యం చేసుకుని ఉండాలి. ఆ పక్కనున్న హనుమాన్ జంక్షన్‌ది ఇంకో తమాషా. పేరుకి జంక్షనే, కలిసేవి మాత్రం రోడ్లు. ఇలాంటి చోట పుట్టినవాడు రైలు బోగీలు చేశాడంటే, అదీ సముద్రాల అవతలి ఐర్లండు బోగీలు చేశాడంటే మీకు నవ్వొస్తుందని తెలుసు. మా ఊళ్ళోనూ నవ్వారు. అంతకు ముందు నేను చాలా చెప్పాను. చాట్రాయి తోటలో ఒక్క పెద్దరసం పిండితే పెళ్ళివారంతా తాగారని చెప్పాను. దాని టెంక మీద కూర్చుని వరదలో తమ్మిలేరు దాటానని చెప్పాను. అవన్నీ విని తలూపి, టీ ఇప్పించి మరీ ఇంకోటి చెప్పమన్నారు. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ నమ్మలేదు.

అప్పట్లో, అంటే యాభైల చివర్లో, నాది మామిడికాయల పెట్టెలు కొట్టే పని. కాపు దిగే నెలల్లో తలెత్తే తీరిక ఉండేది కాదు. తర్వాత ఏడాదంతా సుత్తికి తుప్పు పట్టేది. మా బావ, అంటే నా భార్యకి అన్నగారు, మామిడి వ్యాపారి. తోటలు కౌలుకి పట్టి, పండు పై రాష్ట్రాలకి ఎగుమతి చేసేవాడు. ఆయన పెట్టెలన్నీ నేనే కొట్టేవాణ్ణి.

మార్కా సంగతి ఇక్కడే చెప్పాలి. కాయ రైతుది. కోసేది కూలీలు. గడ్డి పరిచి వరసలు పేర్చేది ఆడవాళ్ళు. పెట్టె నాది. అంతా అయ్యాక షావుకారు వచ్చి, రేకులో కోసిన అచ్చు మూత మీద ఆనించి, నూనెమసిలో ముంచిన గుడ్డతో ఒక్క చరుపు చరుస్తాడు. అదే మార్కా. మా బావది జంట చిలకలు. కలకత్తాలో దిగాక అది జంట చిలకల పండే. మేమెవరం అందులో ఉండం. ఇది మా ఊరి పద్ధతి, ఎవరికీ తప్పుగా తోచేది కాదు. నాకూ తోచలేదు.

ఊరి చివర ఒక డాక్టరమ్మగారి ఆసుపత్రి ఉండేది. ఆవిడది ఐర్లండు. పుస్తకంలో నేర్చుకున్న తెలుగు మాట్లాడేవారు. ఆసుపత్రి వెనక రసాల తోట ఒకటి ఉంది. ఆ మట్టి మహిమో, ఆవిడ చేతి మహిమో గాని, అక్కడి చిన్నరసాలకి పెట్టింది పేరు. దాన్ని ఎవరికి కౌలుకివ్వాలన్నది ఆవిడ మాట మీదే ఉండేది. దాని కోసం వ్యాపారులందరూ ఆ గేటు చుట్టూ తిరిగేవారు. మా బావ కాస్త ఇంగ్లీషు చదివినవాడు కాబట్టి అందరికంటే ఎక్కువ తిరిగేవాడు.

నాకు మాత్రం ఆ గేటు మూసేశారు. ఒకసారి బొటనవేలి మీద సుత్తి పడితే కట్టు కట్టించుకోవడానికి వెళ్ళాను. వరండాలో కూర్చున్నవాళ్ళకి ఊసుపోక తమ్మిలేరు సంగతి చెప్పాను. అప్పుడే పొట్టకి కుట్లు వేయించుకుని వచ్చిన ఒకాయన నవ్వి నవ్వి కుట్లు తెంపుకున్నాడు. డాక్టరమ్మగారు బయటికొచ్చి, "ఈయనకి రోగం ఉంటేనే లోపలికి రానివ్వండి. మాటలు ఉంటే రానివ్వకండి" అని కాంపౌండరుకి చెప్పారు. ఆ రోజు నుంచి ఆ కాంపౌండరు నన్ను చూస్తే పొట్ట పట్టుకునేవాడు.

ఒకరోజు బావ నా పెట్టెల కొట్టానికి వచ్చి, చెక్కల దొంతర మీద కూర్చున్నాడు.

"డాక్టరమ్మగారి గదిలో ఒక ఫొటో ఉంది బావా. వాళ్ళ నాన్న రైలు గార్డట. బోగీ పక్కన నుంచుని ఉంటాడు. ఆ లైను ఈమధ్య ఎత్తేశారట. బోగీలు విరగ్గొట్టి తగలేశారని చెబుతూ ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు."

"అయితే?"

"అలాంటిది ఒకటి చిన్నది చేసివ్వగలవా?"

"చిన్నదేం కర్మ. మనిషి ఎక్కేది చేస్తాను."

"నీ కోతలు ఆపు. బల్ల మీద పెట్టుకునేది చాలు."

సరదాగా మొదలైంది. డాక్టరమ్మగారి తమ్ముడు కూడా ఆ రైల్వేలోనే పనిచేశాడట. ఆయన బోగీల నక్షాలు పోస్టులో పంపాడు. బావ అవి తెచ్చి నా ముందు పరిచాడు. ఆ కాగితాలు చూశాక నా సరదా కాస్తా పట్టుదలగా మారింది. కిటికీకి కిటికీకి ఎంత ఎడం, చెక్కకి చెక్కకి మధ్య బద్దీ ఎంత వెడల్పు, తలుపు పిడి ఎంత ఎత్తులో ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. గార్డు బోగీకి పక్కన చిన్న గూడు ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. గార్డు తల బయట పెట్టకుండా అందులోంచి ముందుకి చూస్తాడు. ఆవిడ నాన్నగారు కూర్చున్నది ఆ గూట్లోనే. నా బతుకంతా కథల్లో కొలతలు పెంచి చెప్పినవాణ్ణి. మొదటిసారి కొలత తప్పకూడదనిపించింది.

అడుగుకి పావంగుళం లెక్కన గార్డు బోగీ ఒకటి, జనం ఎక్కే బోగీ ఒకటి కట్టాను. ఒళ్ళు బొమ్మలు చేసే పునికి చెక్కతో, కప్పు కిరసనాయిలు డబ్బా రేకుతో. మా ఊళ్ళో వీణలు చేసేవారి దగ్గర తెగిన తీగలు తెచ్చి తలుపు పిడులు వంచాను. ఆసుపత్రిలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు కడిగి కిటికీ అద్దాలు కోశాను. చక్రాలు కంచరి ఆయన చేత ఇత్తడితో చేయించాను. గోధుమరంగు ఒళ్ళు మీద సన్నటి పసుపు గీతలు గీయాల్సి వచ్చేసరికి నా చెయ్యి వణికింది. అది సుత్తి పట్టే చెయ్యి. నా భార్య పక్కకి జరగమని, కుంచె తీసుకుని, ఊపిరి బిగబట్టి ఆ గీతలు ఒక్కటీ వంకర పోకుండా గీసింది.

నక్షాలో లేనివి బావ చేత అడిగించేవాణ్ణి. "గార్డు తలుపు కింద మెట్టు ఒకటా రెండా అడుగు." "సీటు గుడ్డ ఏ రంగో అడుగు." బావ జవాబు పట్టుకొచ్చేవాడు. ఒకసారి, "నువ్వు అడిగింది విని ఆవిడ కుర్చీలోంచి లేచారు బావా. ఆ గూట్లో చిన్న దీపం ఉండేదని మర్చిపోయానన్నారు. నిన్ను ఎంత మెచ్చుకున్నారో" అన్నాడు. నేను వస్తానంటే మాత్రం, "కుట్ల కోపం ఇంకా పోలేదు. అన్నీ అయ్యాక తీసుకెళ్తాలే" అనేవాడు. నేనూ సరేనన్నాను. ఒక కాపు వెళ్ళి ఇంకో కాపు వచ్చింది, దాని వెనకే మరొకటి. ఆవిడా నేనూ బావ నోటి మీదుగా మాట్లాడుకుంటున్నామనే అనుకున్నాను. నా గురించి ఆవిడకి మంచి అభిప్రాయం కలుగుతోందని లోలోపల మురిసిపోయాను కూడా.

అరవైల మొదట్లో డాక్టరమ్మగారు పని విరమించి వాళ్ళ దేశం వెళ్ళిపోతున్నారని తెలిసింది. వెళ్ళేముందు తోట కౌలు ఎవరికివ్వాలో చెప్పి వెళ్తారని కూడా అన్నారు. బావ వచ్చి రెండు బోగీలూ అడిగాడు. "వీడ్కోలు సభలో పెడదాం. నువ్వూ రా. ముందు నేను వెళ్ళి సర్ది ఉంచుతాను" అన్నాడు. గుడ్డలో చుట్టి ఇచ్చాను.

ఆసుపత్రి ముందు షామియానా వేశారు. నేను వెళ్ళేసరికి జనం నిండిపోయారు. వెనక నుంచోవాల్సి వచ్చింది. నా భార్య ముందు ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. బల్ల మీద కొత్త పట్టాలు మెరుస్తున్నాయి. నాకు తెలియకుండా బావ ఎక్కడో చేయించినవి. వాటి పక్కన నా బోగీలు.

బావ లేచి మాట్లాడాడు. "అమ్మగారు తన ఊరి రైలు గురించి చెప్పిన నాటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వ్యాపారం పక్కన పెట్టి, ఆవిణ్ణి అడిగి అడిగి విసిగించి, ఈ చేతులతో చేశాను" అని రెండు చేతులూ చూపించాడు. ఎవరి చేతుల గురించి అంటున్నాడో అర్థం కాక నేను పక్కవాళ్ళ వంక చూశాను. డాక్టరమ్మగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఈయన ప్రశ్నల కోసం నేను ఎదురుచూసేదాన్ని" అన్నారు. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్నలు ఎవరి పేరు మీద వెళ్ళాయో నాకు అప్పుడు తెలిసింది.

బావ గార్డు బోగీ తీసి పట్టాల మీద పెట్టి తోశాడు. జానెడు దూరం పోయి, ఒక పక్క చక్రాలు పట్టా దిగి లోపల పడ్డాయి. మళ్ళీ ఎత్తి పెట్టాడు. మళ్ళీ పడింది. ఈసారి బోర్లా పడింది. దాని అడుగున, నేను నున్నగా చిత్రిక పట్టిన పలక మీద, నల్లటి నూనెమసితో జంట చిలకలు ఉన్నాయి.

డాక్టరమ్మగారు బోగీని నెమ్మదిగా తీసి చేతిలో పెట్టుకున్నారు. "పట్టాల మధ్య ఎంత పెట్టారు?"

"సరిగ్గా మన రైలు కొలతేనండి. అయిదడుగుల ఆరంగుళాల లెక్క. బెజవాడ స్టేషన్లో అడిగి మరీ చేయించాను."

ఆవిడ మొహంలో నవ్వు ఆగింది. బావ నక్షాలు మోశాడు గాని చదవలేదు. నేను నోరు మూసుకోలేకపోయాను. "వాళ్ళ దేశంలో అయిదడుగుల మూడంగుళాలేనండి. మన రైలుకంటే వాళ్ళ రైలు మూడంగుళాలు ఇరుకు. ఈ కొలతలో అది వీసం అంగుళం, అంటే అంగుళంలో పదహారో వంతు. అందుకే పడిపోతోంది."

షామియానా అంతా గొల్లున నవ్వింది. "మొదలెట్టాడు" అన్నారెవరో. "ఆ రైలు మామిడి టెంక మీద నడుస్తుందేమో అడగండి" అన్నాడు ఇంకొకడు. కాంపౌండరు అలవాటుగా పొట్ట పట్టుకున్నాడు.

"ఆయన చెప్పింది నిజం" అన్నారు డాక్టరమ్మగారు. నవ్వు ఆగిపోయింది. ఆవిడ నా వంక చాలాసేపు చూశారు.

బావ తడుముకోలేదు. "మా బావకి నేనే చెప్పానండి. ఆయనకి గుర్తుంది, నేను మర్చిపోయాను" అన్నాడు నవ్వుతూ.

ఆవిడ ఆ మాటతో తృప్తి పడలేదు. ఆడవాళ్ళ వరస వైపు తిరిగి, నా భార్యని అడిగారు. "అమ్మా, మీరు ఈయనకి చెల్లెలు, ఆయనకి భార్య. ఇవి ఎవరు చేశారు?"

నా భార్య లేచి నుంచుంది. ఆ బోగీ మీది పసుపు గీత డాక్టరమ్మగారి వేలికింద ఉంది. ఆమె దాన్ని చూసింది. నన్ను చూడలేదు.

"మా అన్నయ్యేనండి. ఈయన మామిడికాయల పెట్టెలు కొడతారు."

ఇంటికెళ్ళాక నేను అరవలేదు. కూర్చుని అడిగాను. "ఎందుకలా అన్నావు?"

"మీరు చేశారంటే ఆవిడ మెచ్చుకుని ఓడెక్కుతారు. అన్నయ్య చేశాడంటే తోట ఇచ్చి వెళ్తారు. తోట వస్తే పెట్టెల పని మీకే కదండీ."

"నువ్వు గీసిన గీతలు కూడా అన్నయ్యవేనా?"

"గీతలకేముంది. రోజూ వాకిట్లో ముగ్గేస్తున్నాను, సంతకం పెడుతున్నానా?" అని కూర తరగడానికి కూర్చుంది. ఆమెకి నిజంగానే అందులో నా బాధేమిటో తెలియలేదు. బావకీ తెలియలేదనుకుంటాను. పండు ఎవరిదైతేనేం, పంపేవాడిదే మార్కా. నన్ను మోసం చేశామని వాళ్ళిద్దరూ ఒక్కనాడూ అనుకోలేదు. అనుకుని ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తోట బావకే వచ్చింది. వారం తిరక్కుండా ఆయన ఆ బోగీలు పట్టుకుని నా కొట్టానికి వచ్చాడు. "ఓడలో వెళ్ళాలి. దెబ్బ తగలకుండా మంచి పెట్టె కొట్టు బావా. ఈ పని నీకంటే ఎవరికొచ్చు" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

పెట్టె కొట్టాను. చిన్నరసాలకి పరిచినట్టు మెత్తటి గడ్డి పరిచాను. సర్దబోతూ గార్డు బోగీని తిరగేసి, ఉలితో ఆ చిలకల్ని గీకేశాను. చెక్క తెల్లగా బయటపడింది. మసి డబ్బా పక్కనే ఉంది. ఏదైనా వేద్దామని కుంచె ముంచాను. ఏం వేయాలో తోచలేదు. పెట్టెలు కొట్టేవాడికి మార్కా ఉండదు. ఇన్నేళ్ళలో ఒకటి కావాలని అనుకోలేదు. పేరు రాద్దామనుకున్నాను. మా ఊళ్ళోనే ఎవరూ నమ్మని పేరు అక్కడెవరు నమ్ముతారు. కుంచె తుడిచేసి, బోగీలు గడ్డిలో పడుకోబెట్టి, మూత బిగించాను.

సాయంత్రం బావ వచ్చి రేకు అచ్చు తీశాడు. మూత కొత్త చెక్క కావడంతో అచ్చు జారుతోంది.

"కాస్త పట్టుకో బావా."

పట్టుకున్నాను. ఆయన గుడ్డ ముంచి చరిచాడు. జంట చిలకలు చక్కగా పడ్డాయి.

ఆ తర్వాత ఆవిడ దగ్గర నుంచి బావకి క్షేమ సమాచారాలు వచ్చేవి. మూడంగుళాల సంగతి నేను టీ హోటల్లో ఇప్పటికీ చెబుతుంటాను. విని నవ్వి, అదొద్దులే, కుట్లు తెగినాయన సంగతి చెప్పమంటారు. కాకపోతే ఒకటి. ఆ బోగీలు దెబ్బ తినకుండా ఐర్లండు చేరిన పెట్టె ఉంది చూశారూ, అది ఎవరు కొట్టారని అడగండి. మా బావతో సహా ఊరంతా నా పేరే చెబుతుంది.