ముయ్యికి చదివిన పదో తరగతి

ప్రతి ఏడూ ఎండలు ముదరకముందే కళ్యాణదుర్గం బస్సులో నాకొక నూనె సీసా వస్తుంది. పెండ్లయి ఆ దిక్కుకు పోయిన నా చిన్ననాటి స్నేహితురాలు మారెక్క ఇంట్లో కాచి పంపే గుంటగలగరాకు నూనె. మూత తీస్తే చాలు, జుట్టు పెరిగే సంగతి దేవుడెరుగు గానీ, నా ముక్కుకు మా హైస్కూలు గోడ తగులుతుంది. నవ్వుకుంటే నవ్వుకోండి, నిజమే చెప్తాండా. మా బళ్ళో గోడకే తీర్చిన నల్లబల్లలు నల్లగా ఉండేది ఆ ఆకు పుణ్యమే. శనివారం మధ్యాహ్నం మొగపిల్లోళ్ళు ఇండ్లకాడ నుంచి పొయ్యి బొగ్గులు తెస్తే, ఆడపిల్లోళ్ళం బోరింగు పక్క తేమలో మొలిచిన గుంటగలగరాకు కోసుకొచ్చి, రెండూ బండ మీద నూరి, గోనెగుడ్డతో గోడలకు రుద్దేవాళ్ళం. సాయంత్రానికి గోడలు నిగనిగలాడేవి, మా పావడాలు మాత్రం వారమంతా పచ్చగా ఉండి మా అమ్మల చేత తిట్లు తినిపించేవి.

అన్ని గోడలకూ రుద్దేవాళ్ళం గానీ, హెడ్మాస్టరు గది పక్కనున్న చిన్న నల్లపలకను మాత్రం ముట్టనిచ్చేవాళ్ళు కాదు. దాని మీద ఏడాదికొకసారి సుద్దతో రాసేవాళ్ళు: పదో తరగతి పరీక్షకు పోయినవాళ్ళు ఇంతమంది, గట్టెక్కినవాళ్ళు ఇంతమంది, శాతం ఇంత. బడి గోడ రోడ్డు మీదికే ఉండేది కాబట్టి బస్సెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, గొర్రెలు తోలుకొని పోయేవాళ్ళు అందరూ ఆ అంకె చూసేవాళ్ళు. చదువు రానోళ్ళు కూడా పక్కనోళ్ళనడిగి తెలుసుకొని, "ఈసారీ సగం మందే మునిగినారా, ఇంకా ఎక్కువనా?" అని వెక్కిరించేవాళ్ళు. తొంభైల చివర్లో, నేను పదో తరగతికి వచ్చేనాటికి, ఆ అంకె రెండేండ్లుగా సగానికి చాలా కిందనే ఉండేది.

ఎందుకుండదు? మా ఊరు బత్తలపల్లెకు అవతల, ఎర్రనేల, గాలి, వాన కోసం ఆకాశం చూసే జనం. ఆ సంవత్సరం వాన కాస్త దయ తలిచింది. దసరా దాటినాక శనక్కాయ పీకుడు మొదలైతే బడి ఖాళీ అయిపోయేది. పీకిన చెట్లు కుప్పలేసి, వాటి చుట్టూ కూర్చొని కాయలు తెంపుతా ఉంటే, తడిమట్టి వాసన, ఆకు వాసన, నడుమ ఎవురో ఎండుకట్టె మంటలో కాయలు కాలిస్తే ఆ కమ్మటి పొగ. కాలిన కాయలు నోట్లో, బెల్లంముక్క బుగ్గన, మూతులన్నీ మసి. తెంపి తెంపి విసుగొస్తే కుప్ప పక్కనే గచ్చకాయలాట, నాయనమ్మను మేం జేజి అంటాం, ఆమె చూసిందంటే ఆకువక్క తిత్తి విసిరికొట్టేది. కూలోళ్ళను పెట్టుకునే తాహతు ఎవురికీ లేదు, అందుకే అంతా ముయ్యి మీదే నడిచేది. ముయ్యి అంటే ఏమీ లేదు, ఈరోజు నువ్వు మా కుప్పకు వచ్చి కాయ తెంపితే, రేపు నేను మీ కుప్పకు వచ్చి తెంపాల. దుడ్లు చేతులు మారవు. రాలేకపోతే నీ ఇంట్లోంచి ఇంకొకరిని పంపాల. ముయ్యి ఎగ్గొట్టినోళ్ళ ఇంట్లో పెండ్లికి కూడా జనం పోయేవాళ్ళు కాదు, అంత పట్టింపు.

ఆ కాయ తెంపుడు రోజుల్లోనే అరసంవత్సరం పరీక్షలు వచ్చినాయి, మేమందరం బ్రహ్మాండంగా తప్పినాం. నాకు లెక్కల్లో వచ్చిన మార్కులు ఒక చేతివేళ్ళకు సరిపోయినాయి. మారెక్కకు లెక్కలంటే మంచినీళ్ళే గానీ, పాసయ్యేదానికి ఇరవై వస్తే చాలన్న హిందీలో ఆ ఇరవయ్యే రాలేదు. మాకు లెక్కల అయ్యవారు బదిలీ అయిపోయి రెండేండ్లు, ఆయన చోటికి ఎవురూ రాలేదు. హెడ్మాస్టరు తెలుగు చెప్పే మనిషి, సన్నగా, పొడుగ్గా, ధర్మవరం నుంచి బస్సులో వచ్చిపోయే మనిషి. తనకే సరిగా రాని లెక్కలు మాకు చెప్పలేక చెమటలు కక్కేవాడు.

ఆ వారమే ఆయన్ను పైఅధికారులు మీటింగుకు పిలిచినారు. మర్నాడు ప్రార్థన అయినాక ఆయనే నవ్వుతా చెప్పినాడు, ఫలితాలు తక్కువొచ్చిన బళ్ళ హెడ్మాస్టర్లందర్నీ లేపి నిలబెట్టినారంట, మీటింగు అయ్యేదాకా. నవ్వు ఆడికే ఆగిపోయింది. ఈసారి కూడా సగం మంది గట్టెక్కకపోతే మా ఊరి పదో తరగతి ఎత్తేసి మండలంలో పెద్ద బడికి కలిపేస్తారంట. మొగపిల్లోళ్ళకు సైకిళ్ళు ఉండాయి. పొద్దున ఒక బస్సు, మాపున ఒక బస్సు ఉండే మా ఊళ్ళో ఆడపిల్లను ఆడికి పంపే ఇల్లు ఒక్కటీ లేదు. మా వెనకాల ఆరు నుంచి తొమ్మిది దాకా ఉండే ఆడపిల్లలందరికీ చదువు తొమ్మిదితోనే సరి.

అందుకని ఆయన, పక్కబళ్ళవాళ్ళు చేసే ఉపాయమే, మరీ వెనకబడినోళ్ళను ఈ ఏడు పరీక్షకు పంపొద్దనుకున్నాడు. తప్పేవాళ్ళు కూర్చోకపోతే శాతం దానంతటదే లేస్తుంది కదా. పేర్లు చదివినాడు. అందులో నేనున్నా, మారెక్క ఉండాది. మా నాయన చెడ్డోడు కాదు గానీ, ఇంకో ఏడాది చదివించే మనిషి కాదు. "ఒక ఏడు చదివిస్తా, రెండేండ్లంటే నావల్ల కాదు" అని ముందే చెప్పేసినాడు.

ఇంటికొచ్చి ఏడుస్తా చెప్తే, మా జేజి ఆకువక్క నోట్లో వేసుకొని, కొంగు దోపుకొని నేరుగా బడికి పోయింది. నేను వెనకాలే పరిగెత్తినా.

"ఏమప్పా అయ్యవారూ, ఇత్తనం కాయలు ఏరేటప్పుడు పుచ్చువి పక్కనేస్తాం, సరే. పిల్లోళ్ళను ఏరేదేమి? మా పాప పుచ్చిందని ఎవురు చెప్పినారు నీకు?"

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి నిలబడినాడు, పాపం ఆయనకు నిలబడేది అలవాటైపోయినట్టుంది. "జేజీ, నాకు మాత్రం ఇష్టమా? బడి పోతే అందరికీ పోతాది" అన్నాడు. చివరికి, పరీక్ష ఫీజు గడువుకు ముందు మళ్ళీ ఒక పరీక్ష పెడతాననీ, దాన్ని చూసి ఆలోచిస్తాననీ ఒప్పుకున్నాడు. జేజి బయటికొచ్చి ఆ నల్లపలక దిక్కు చూసి తుపుక్కున ఉమ్మేసి, "పద" అనింది.

ఆ మధ్యాహ్నం మా కుప్పకాడ మారెక్క ముయ్యికి వచ్చి కాయ తెంపుతాంది. వాళ్ళది గొర్రెలు కాసుకునే ఇల్లు, ఎకరా చేను. ఇద్దరం మూతులు ముడుచుకొని కూర్చున్నాం. ఉన్నట్టుండి అది చేతులాపి అనింది, "మే, కాయ తెంపేదానికి ముయ్యి ఉండాది. లెక్కలకేమి రోగం? నేను నీకు గంట లెక్కలు చెప్తా, నువ్వు నాకు గంట హిందీ చెప్పు. ఎగ్గొడితే మీ ఇంటికి పెండ్లికి రాను."

అంతే. ఆ పొద్దే మొదలుపెట్టినాం. చేతులు కాయలు తెంపుతానే ఉండేవి, నోళ్ళు చదువుతానే ఉండేవి. మారెక్క ఎర్రమన్ను మీద పుల్లతో త్రిభుజాలు గీసి, "ఇది మీ చేను, ఇది మా చేను, గెట్టు పొడుగెంత చెప్పు" అని తొందరపెడితే, మూడేండ్లుగా నా తలకెక్కనిది మెల్లమెల్లగా ఎక్కింది. నేను చెప్పిన హిందీ మాత్రం దాని నోట్లో పడి చిత్రవిచిత్రమైన భాష అయ్యేది. వారం తిరిగేసరికి క్లాసులో అందరికీ ముయ్యిలే. ఇంగ్లీషు వచ్చినోడు సైన్సు వచ్చినోనికి, సోషలు వచ్చినోడు తెలుగు వచ్చినోనికి. ఎవురికి ఎవురు ఎన్ని గంటలు బాకీనో అని పొద్దున్నే పంచాయితీలు.

ఒకరోజు మారెక్కకు జరమొచ్చింది. ఆ పూట నాకు లెక్కలు చెప్పే ముయ్యి దాని మీదుండాది. ఎండెక్కే వేళకు వాళ్ళమ్మ మా కుప్పకాడికి వచ్చి కూర్చొనింది. "మాకు ముయ్యి ఎగ్గొట్టే అలవాటు లేదమ్మా. లెక్కలు నాకేం తెలుసు! నీ కాయలు నేను తెంపుతా, నువ్వు పుస్తకం తీసుకొని ఆ నీడకు పో" అనింది. నేను పోలేక నిలబడితే గట్టిగా కసిరింది. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత పదో తరగతి పిల్లోళ్ళ కుప్పలకు పెద్దోళ్ళే ముయ్యిలు పట్టినారు. ఏ తల్లి కొడుక్కు ఎవురు చదువు చెప్పినారో వాళ్ళ ఇంటికి ఆ తల్లి రెండు బిందెలు నీళ్ళు మోసి పోసేది. ఇదంతా చూసి హెడ్మాస్టరు సాయంత్రం బస్సు ఎక్కడం మానేసినాడు. బళ్ళోనే పడుకొని, పొద్దుగూకేదాకా మాతో కూర్చునేవాడు. దానికి బదులు ఇంటికొక పూట ఆయనకు సంగటి, శనక్కాయలు నూరిన ఊరిబిండి. పొద్దున బొరుగుల ఉగ్గాని. మూడు నెలల్లో ఆయన సన్నదనం కాస్త తగ్గింది.

ఈ నడుమనే ఫీజు గడువు దగ్గరపడితే, పెడతానన్న పరీక్ష పెట్టినాడు. నేను అత్తెసరుతో గట్టెక్కినా. మారెక్క హిందీ ఎక్కడిదక్కడే ఉండాది. అది తలొంచుకొని నిలబడితే ఆయన దాని పేపరూ, మా ముఖాలూ చూసి, చాలాసేపు గడ్డం గోక్కొని, "అందర్నీ పంపిస్తా. తక్కువైతే నిలబెట్టేది నన్నే గదా, నిలబడతాలే" అన్నాడు. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. మారెక్క మాత్రం, "సార్, ఈ మాపు మా ఇంట్లో సంగటి" అనేసింది.

ఉగాది ఓళిగలు నోట్లో ఉండంగానే పరీక్షలు రాసొచ్చినాం. ఎండాకాలం నడుమ, మొదటి బస్సులో ఫలితాల పేపరొచ్చినరోజు ఊరు ఊరంతా రోడ్డు మీదనే. బస్సు బానెట్టు మీద పేపరు పరిచి హెడ్మాస్టరు వేలితో ఒక్కొక్క నెంబరూ చదువుతా ఉంటే, నా నెంబరు వచ్చింది. జేజి అరిచిన అరుపుకు బస్సు డ్రైవరు దిగొచ్చినాడు. ఆ తర్వాత వరసలో ఒక నెంబరు లేదు, వేలు దాటిపోయింది. అది మారెక్కది. లెక్కపెడితే సగం దాటి పైకి పోయినాం, పదో తరగతి మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఎగిరేవాళ్ళు ఎగురుతాండారు, నేను మాత్రం మారెక్క కోసం వెతుకుతాండా. మారెక్కే వచ్చి నా జడ గుంజి, "నా లెక్కలు నీకెక్కినాయి. నీ హిందీ ఇంకా నాకు బాకీ ఉండాది, తీర్చకుండా యాడికి పోతావు?" అనింది.

తీర్చినా. ఆ వానాకాలమంతా విత్తనం గొర్రు వెనకాల నడుస్తా తీర్చినా. మళ్ళీ పెట్టిన పరీక్షలో అది గట్టెక్కింది. ఆ కబురు తెలిసిన పొద్దు హెడ్మాస్టరు స్టూలేసుకొని ఎక్కి, నల్లపలక మీద గట్టెక్కినవాళ్ళ అంకె తుడిచి, ఒకటి కలిపి రాసి, కిందికి దిగి, సుద్ద చేతుల్తోనే మళ్ళీ ఎక్కి శాతం కూడా మార్చినాడు. "సార్, పైకి పంపిన లెక్క మారదు గదా?" అని నేనంటే, "అది వాళ్ళ లెక్క. ఇది మన ఊరి లెక్క" అన్నాడు. మారెక్క ఆ రోజు తన చేత్తో ఆకు నూరి, ఆ అంకెలు చెరగకుండా వాటి చుట్టూ నల్లగా రుద్దింది.

ఇప్పుడా పలక లేదు. గోడకు రంగులేసి, ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలతో ఫ్లెక్సీ కట్టినారు. కాయ తెంపేది మిషనే, ఆ శనక్కాయ పంట కూడా సగం పోయి చీనీ, అదే బత్తాయి, తోటలొచ్చినాయి. ముయ్యి అంటే ఏమని మా అమ్మాయే అడిగింది. దాని ముఖానికి లెక్కలు పడవు, అంతా నా పోలికే. మొన్న సీసా అందిందని ఫోన్ చేస్తే ఆ మాటే మారెక్కతో అన్నా.

"సెలవులకు ఈడికి తోలు, మన్ను మీద గీసి చెప్తా" అనింది.

"బదులేం ఇయ్యాలమే నీకు?"

"నా కొడుకును ఆడికి తోల్తా. హిందీ చెప్పు. వానికి ఇరవై వస్తే చాలు."