నీచు ముట్టని పిల్లి

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. పేరులో అసిస్టెంట్ ఉన్నా వైద్యశాలను నడిపేది నేనే. నా పైనుండే ఏడీ కూడా అసిస్టెంట్ డైరెక్టరే. మా శాఖలో అసిస్టెంట్లు కాని వాళ్ళు తక్కువ.

మెట్ట ప్రాంతం కాబట్టి మా పని గొర్రెలకు టీకాలు, బర్రెలకు చూలు పరీక్షలు. పిల్లిని తెచ్చేవాళ్ళు అరుదు. అందుకే చెక్క గరిటెలు చేసే సుబ్బయ్య, ఆయన భార్య తులశమ్మ ఒకనాడు మూతకట్టిన బుట్టతో ఓపీలో కూర్చుంటే గొర్రెల కాపర్లు ముసిముసిగా నవ్వారు. బుట్టలో గౌరి అనే తెల్లపిల్లి ఉంది. రెండు రోజులుగా తిండి మానేసి ఎగరొప్పుతోందట.

"మా గౌరి నీచు ముట్టదు సార్. పెరుగన్నమే తింటాది," అంది తులశమ్మ. రోగం చెప్పినట్టు కాదు, గొప్ప చెప్పినట్టే అంది. సుబ్బయ్యకు నెల్లూరులో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు, ఈయన బతికి వస్తే తన ఇంటి గడప నీచు దాటదని ఆమె మొక్కుకుందట. ఆయన బతికాడు. ఆ తరువాత ఇంటికొచ్చిన పిల్లికూన కూడా ఆ మొక్కులో చేరిపోయింది. ఎప్పుడైనా ఎలుకను పడితే, తులశమ్మ దాని నోట్లోంచి లాగి గోడ అవతల పారేసేది.

స్టెతస్కోపు పెడితే గుండె బలహీనంగా, గాభరాగా కొట్టుకుంటోంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. అది తగ్గడానికి ఇంజెక్షన్ ఇచ్చాను. అంత వెలుతురులోనూ దాని కంటిపాపలు విచ్చుకునే ఉన్నాయి. అనుమానం వచ్చి చిన్న దూదిపింజను దాని ముఖం ముందు జారవిడిచాను. దూది పడేటప్పుడు చప్పుడు రాదు, గాలి తగలదు. చూపున్న పిల్లయితే తల తిప్పి చూస్తుంది. గౌరి కదల్లేదు.

చూపు పోయిందని చెబితే సుబ్బయ్య నవ్వేశాడు. "ఏంది సార్, మొన్నగూడా అలమర ఎక్కినాది. గుడ్డిది ఎక్కతాదా?"

మర్నాడు సాయంత్రం ఆయాసం ఎలా ఉందో చూడటానికి వాళ్ళింటికి వెళ్ళాను. ఆయాసం కొంత తగ్గింది. గౌరి చెక్క దుంగల మధ్య నుంచి, ఉలుల పక్క నుంచి, దేనికీ తగలకుండా వచ్చి తన పీట ఎక్కి కూర్చుంది. నాకే అనుమానం వచ్చింది. అది దిగి వెళ్ళాక పీటను మూరెడు పక్కకు జరిపాను. తిరిగి వచ్చిన గౌరి, పీట లేని చోట పీట ఎక్కబోయి నేలమీద పడింది. తులశమ్మ అయ్యో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పిల్లి తనుండే ఇంటిని గుర్తుపెట్టుకుంటుంది. మీసాలతో సందుల వెడల్పు కొలుచుకుంటుంది. చూపు మెల్లగా పోతే, సామాను జరపని ఇంట్లో ఆ సంగతి ఏళ్ళ తరబడి బయటపడదు. చూపుకూ గుండెకూ కావలసిన ఒక పదార్థాన్ని పిల్లి ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు. అది మాంసంలో, చేపల్లో దొరుకుతుంది. పెరుగన్నంలో దొరకదు. ఇదంతా వాళ్ళకు వివరించి, పోయిన చూపు రాదనీ, చేపలు పెడితే గుండె కుదుటపడే అవకాశం ఉందనీ, పెట్టకపోతే బతకదనీ చెప్పాను.

తులశమ్మ మాత్రలతో సరిపెట్టలేమా అని అడిగింది. నెల్లూరు నుంచి తెప్పిస్తాను, కానీ తిండి మారకుండా లాభం లేదన్నాను. గడప దాటకూడదన్నదే మొక్కు కదా అని తులశమ్మ, పక్కింటామె ఉడికించిన చేపను పెరట్లో పెట్టించి, గౌరిని ఎత్తుకెళ్ళి దాని ముందు దించింది. తెలియని నేల. సందులో కుక్కలు మొరుగుతున్నాయి. గౌరి నేలకు అతుక్కుపోయి వణికింది తప్ప మూతి కూడా చాపలేదు.

"నా గుండె కోసరం మొక్కి, దాని గుండె తీస్తావా?" అన్నాడు సుబ్బయ్య. ఆ మాటకు నాకే కష్టంగా అనిపించింది.

తులశమ్మ ఆయన్ను తేరిపార చూసింది. ఆయనకేమైనా అవుతుందన్న భయం ఆమె ముఖంలో దాగలేదు. తరువాత ఒక చేతిలో గౌరినీ, ఇంకో చేతిలో చేప గిన్నెనూ పట్టుకుని గడప దాటింది.

"మొక్కుకున్నింది నేను సార్. అది గాదు," అంది.

భర్త చెక్కిన గరిటెల్లో ఒకటి తీసి, దాంతోనే చేపముక్క చిదిపి పీట పక్కన పెట్టింది. గౌరి మీసాలు ముందుకు చాచి వాసన చూసి తిన్నది. కొన్ని వారాలకు ఆయాసం పూర్తిగా పోయింది. చూపు రాలేదు. సుబ్బయ్యకూ ఏమీ కాలేదు, గరిటెలు చెక్కుతూనే ఉన్నాడు. తులశమ్మ తన వరకు పెరుగన్నం మానలేదు.

ఇంట్లో చలాకీగా తిరిగే పిల్లికి జబ్బు లేదనుకోకూడదని ఆ కేసు నేర్పింది. ఆ తరువాత రిటైరయ్యేదాకా నా ఓపీకి పిల్లి వస్తే, దానికేం పెడతారని అడిగే ముందు, ఆ ఇంట్లో వాళ్ళేం తింటారని అడిగేవాణ్ణి.