అవ్వ తలుపు మీది గొడ్డలి గాటు

అవ్వ పోయిందని భూపాలపల్లి నుంచి ఆమె బిడ్డ ఫోన్ చేసినప్పుడు నేను వంటింటి కుళాయికి వాషర్ మారుస్తున్నాను. ఒక చేతిలో పానా, ఇంకో చేతిలో ఫోన్. "అక్కా, పొద్దుగాల చాయ తాగింది, గ్లాసు కింద పెట్టింది, అట్లనే ఒరిగింది" అని ఆమె ఏడుస్తోంది. కుళాయి నుంచి నీళ్లు చిమ్మి చీరంతా తడుస్తున్నా కట్టేయాలని తోచలేదు. నేను మొదట అడిగిన మాట చెబితే మీరు నవ్వుతారు. చాయ మొత్తం తాగిందా, సగంలోనే పోయిందా అని అడిగాను. "మొత్తం తాగిందక్కా" అంది. అప్పుడు ఏడ్చాను.

అవ్వ నాకు చుట్టం కాదు. జనగామలో నేను కాపురం చేసిన ఇంటి యజమానురాలు. ముందు వాటా ఆమెది, వెనక రెండు గదులు మావి. మధ్యలో గచ్చు, దాని మూలకు నీళ్లు కాగబెట్టే కట్టెల పొయ్యి. వాడకట్టుకంతా ఆమె అవ్వే, నాకూ అంతే.

అప్పటి నా మొగుడికి తరిగొప్పుల దగ్గర భూములు, జనగామలో ఎరువుల దుకాణం. తండ్రి ఊళ్లో పెద్దమనిషి, నలుగురి తగాదాలు తీర్చేవాడు. బయట మా ఆయన మహా మెత్తన. దుకాణానికి వచ్చిన రైతుకు కుర్చీ తుడిచి వేసేవాడు. ఇంట్లో మాత్రం కుర్చీ ఎత్తి నా మీదికి విసిరేవాడు. కూరలో ఉప్పు తగ్గినా సరే, ఫోన్ ఎత్తడం ఆలస్యమైనా సరే. ముందు గిన్నెలు లేచేవి, తర్వాత కుర్చీ, ఆ తర్వాత నేను.

కిరాయికి దిగి నెల తిరగకముందే ఒక సాయంత్రం గోడకున్న గిన్నెల అలమర ఊడబీకి నా వీపు మీద పడేశాడు. మర్నాడు అతను దుకాణానికి పోయాక, చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని అవ్వ గడపలో నిలబడ్డాను.

"అవ్వా, జర మేకులుంటయా?"

అవ్వ నా మొహం చూసింది. ఏమైందని అడగలేదు.

"గోడకా, కట్టెకా?" అంది.

"గోడకు."

బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని ఆమే వచ్చింది. అందులో మేకులు, స్క్రూలు, తలుపు బందులు, ఆకురాయి, పిడి మీద గుడ్డ చుట్టిన సుత్తె ఉన్నాయి. గంటలో అలమర మళ్లీ గోడెక్కింది. నేను మేకు పట్టుకుంటే ఆమె కొట్టింది. మేకు పక్కకు జారుతుంటే "గట్టిగ పట్టుకో బిడ్డా, చెయ్యి ఖాళీగుంటెనే ఏడుపొస్తది" అంది. నిజమే, మేకు పట్టుకున్నంతసేపు ఏడుపు రాలేదు.

అది మొదలు. అవ్వ దగ్గర నేను నేర్చుకున్నంత పని ఏ మేస్త్రీ దగ్గరా ఎవరూ నేర్చుకుని ఉండరు, ఎందుకంటే మా ఇంట్లో విరగని వస్తువు లేదు. కుక్కరు పిడి బిగించాం. స్టూలు కాలికి జిగురూ రంపపు పొట్టూ కలిపి పెట్టి, గుడ్డతో కట్టు కట్టాం. అతను నా తల కొట్టిన చోట గోడ పెళ్ల ఊడితే సిమెంటు పూసి, తడి గుడ్డతో నున్నగా రుద్దాం. ఆ గోడకు అంటిన నా నెత్తురు ముందు కడిగింది అవ్వే.

పని అయ్యాక చాయ. అది తప్పేది కాదు. ఎంత విరిగినా, ఎవరికి ఎంత నొప్పి ఉన్నా, సుత్తె డబ్బాలో పెట్టగానే అవ్వ అల్లం దంచేది. వారానికి రెండుసార్లు సర్వపిండి కాల్చేది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, బొక్క బొక్కకూ నూనె చుక్క వేసేది. మాడిన అంచు ఆమెది, మెత్తటి నడుమ నాది, ఎందుకంటే నా దవడ ఎప్పుడూ వాచే ఉండేది. ఇద్దరం గచ్చు మీద పొద్దుటి ఎండలో కూర్చుని తినేవాళ్లం. తలుపు బందుకు నూనె పోసినరోజు మాత్రం అవ్వ తినేది కాదు. లేచి తలుపు తీసేది, వేసేది, మళ్లీ తీసేది. "సప్పుడొస్తుందా? రాలె సూడు!" అని చిన్నపిల్లలా మురిసిపోయేది. ఆ కాపురంలో నాకు మిగిలిన సుఖం ఏదైనా ఉందంటే అదే.

ఠాణాకు పోవచ్చు కదా అంటారు. పోయాను. ముందు పెద్దమనుషుల్లో మాట్లాడుకుని రమ్మన్నారు. సరేనని మామకు కబురు పెట్టాను. పంచాయితీకి తరిగొప్పుల నుంచి ఆయన, ఇంకో ముగ్గురు పెద్దలు ఫలానా రోజు వస్తామన్నారు.

ఇక్కడే మేమిద్దరం తప్పు చేశాం. పెద్దమనుషులు గడప తొక్కుతున్నారంటే ఇల్లు చిందరవందరగా ఉండకూడదని మా ఇద్దరికీ పుట్టుకతో వచ్చిన పద్ధతి. ఆ రోజు పొద్దున్నే లేచి సాన్పి చల్లి ముగ్గు వేశాం. ముందురోజు పగిలిన అద్దం తీసి కొత్తది తగిలించాం. పప్పుచారు చిందిన గోడకు సున్నం వేశాం. చీలిన మంచం కోడుకు పట్టీ కొట్టాం. చివరికి నా చెంపకు పౌడరు రాసుకుని, మోచేతి దాకా ఉన్న రవిక తొడుక్కున్నాను.

మామ కుర్చీలో కూర్చుని నాలుగు పక్కలా చూశాడు.

"ఇల్లు అద్దం లెక్కున్నది. గీ ఇంట్ల ఏం లొల్లి అయితది బిడ్డా?"

"కొడుతుండు మామా. సామాన్లన్నీ ఇరగ్గొడుతుండు."

"ఏం సామాను ఇరిగిందో సూపియ్యి."

చూపించడానికి ఏమీ లేదు. పక్కన మా ఆయన తల వంచుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. చాయ బాగుందని పెద్దలు మెచ్చుకున్నారు. సర్దుకపో బిడ్డా, మొగోనికి కోపం రాదా అన్నారు. కారెక్కి పోయారు. ఆ వారంలో నా ఎడమ చెయ్యి విరిగింది.

కట్టుతో దవాఖాన నుంచి వచ్చినరోజు అవ్వ నాతో పాటు గచ్చు మీద కూర్చుంది. చాయ పెట్టలేదు.

"తప్పు నాదే బిడ్డా. వాడు ఇరగ్గొట్టుకుంట పోయిండు, నేను మాయం జేసుకుంట వచ్చిన" అంది. తర్వాత మొదటిసారి తన సంగతి చెప్పింది. "నా మొగడు భూపాలపల్లిల బొగ్గు బాయిల చేసేటోడు. ఆయన ఇరగ్గొట్టుడు, నేను అతుకుడు. ముప్పై ఏండ్లు గదే పని. ఆయన సచ్చిపోయినప్పుడు వాడకట్టోళ్లు ఏమన్నరో ఎర్కేనా? బంగారమసొంటి మనిషి, ఇంట్ల సప్పుడు లేకుంట బతికిండు అన్నరు."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు మొగుడి కంటే ఎక్కువ భయం వేసింది. నేనూ ఇంకో ముప్పై ఏళ్లకు ఇలాగే ఓ రేకు డబ్బా పట్టుకుని నవ్వుతానా అనిపించింది.

చెయ్యి అతుక్కున్నాక మహబూబాబాద్‌లో ఒక బడికి ఉద్యోగం కోసం రాసుకున్నాను. రమ్మని వాళ్లు చేసిన ఫోన్ అతను ఎత్తాడు. సాయంత్రం ఇంకా దీపాలు పెట్టని వేళ. అద్దం పగలగొట్టి, కుర్చీ కాలు విరగ్గొట్టి, కుక్కరు మూతతో నా నెత్తి మీద కొట్టాడు. కళ్లలోకి నెత్తురు కారుతుండగా గచ్చు దాటి అవ్వ వాటాలోకి పరుగెత్తాను. అవ్వ తలుపు మూసి గడియ పెట్టింది. నేను తలుపుకే ఆనుకుని నిలబడ్డాను. బయట పొయ్యి దగ్గర కట్టెలు కొట్టే గొడ్డలి ఉంటుందన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

మొదటి దెబ్బకు తలుపు అదిరింది. రెండో దెబ్బకు చెక్క పేళ్లు లేచాయి. మూడో దెబ్బకు గొడ్డలి అంచు నా చెవి పక్క నుంచి లోపలికొచ్చింది. వెనక్కి లాగి మళ్లీ కొట్టాడు, పలక చీలిపోయింది. "బయటికి రా, నరుకుత!" అని అరుస్తూ ఆ సందులోంచి చెయ్యి దూర్చి గడియ కోసం తడిమాడు. అవ్వ డబ్బాలోంచి సుత్తె తీసింది. కంగారు పడలేదు. మేకు కొట్టినట్టే చూసుకుని, ఆ వేళ్ల మీద రెండు దెబ్బలు కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. సంతోషపడ్డాను, ఇప్పుడు కూడా సిగ్గుపడను. అతని కేకకు వాడకట్టంతా పోగైంది, నలుగురు అతన్ని పట్టుకుని దవాఖానకు తీసుకుపోయారు.

మర్నాడు అలవాటుగా చీపురు పట్టుకుని గాజు పెంకులు ఊడ్వబోయాను.

"ముట్టకు!" అని అరిచింది అవ్వ. ఆమె అరవడం నేనెప్పుడూ వినలేదు. "ఒక్క పెంక ముట్టకు బిడ్డా. పెద్దమనుషులు రానీ, సూడనీ."

వాళ్లు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ మేం పెంకులు దాటుకుంటూ, ఒరిగిన తలుపు పక్కనే చాయ తాగాం. నా నెత్తికి కుట్లు. ఆమెకు మాత్రం చేతులు ఊరుకునేవి కావు. అస్తమానం ఊడిన బందు వైపు చూసేది. "గులగుల పెడుతున్నయి బిడ్డా, ఒక్క స్క్రూ బిగించుకోనా?" అనేది. "ముట్టకు" అని ఈసారి నేను అనేదాన్ని. ఇద్దరం నవ్వేవాళ్లం. నవ్వితే కుట్లు లాగేవి.

మామ వచ్చాడు. ముగ్గు లేదు, సాన్పి లేదు. అవ్వ ఆయనకు మూడు కాళ్ల కుర్చీ చూపించింది. ఆయన నిలబడ్డాడు.

"గా గాటు పక్కన నిలబడు బిడ్డా" అంది నాతో. నిలబడ్డాను. గాటు సరిగ్గా నా చెవి ఎత్తున ఉంది. జానెడు పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. అంచుకు నా నెత్తురు ఎండి ఉంది.

"గిప్పుడు సూడుండ్రి" అంది అవ్వ. "పోయినసారి ఇల్లు అద్దం లెక్కున్నదన్నరు. గా అద్దం నేను జేసిన. గిది మీ కొడుకు జేసిండు."

మామ తలుపు దగ్గరికి వచ్చాడు. గాటు అంచు వేలితో తడిమి చూశాడు. "బిడ్డ సామాను బిడ్డకిచ్చి పంపియ్యుండ్రి. మల్ల తీస్కపోనీకి మా ఇంటి నుంచి ఎవ్వడు రాడు. నా మాట" అన్నాడు. ఆ తలుపు ఫొటోలతోనే తర్వాత కేసు నడిచింది, విడాకులు వచ్చాయి. కానీ నేను బతికానన్న నమ్మకం నాకు ఆ మాటతోనే కలిగింది.

మహబూబాబాద్ వచ్చేశాక కూడా సెలవు దొరికితే జనగామ పోయేదాన్ని. అవ్వ అన్నీ బాగుచేసుకుంది. గాటు మాత్రం పూడ్చలేదు. ఎందుకని అడిగితే "ఎవలొచ్చిన్రో సూసి తీస్త" అనేది. నేను తలుపు కొడితే గాటులో ముందు ఆమె కన్ను కనిపించేది, తర్వాత నవ్వు వినిపించేది. మోకాళ్లు పట్టేసి భూపాలపల్లికి బిడ్డ దగ్గరికి పోయేటప్పుడు రేకు డబ్బా నాకిచ్చింది. "నాకంటె నీకే పని ఎక్కువ పడతది" అని ఎగతాళి చేసింది.

దినాలకు భూపాలపల్లి పోయినప్పుడు, జనగామ ఇంటికి ఇనుప తలుపు పెట్టిస్తున్నామని ఆమె బిడ్డ చెప్పింది. పాత తలుపు నాకివ్వమని అడిగాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి సరేనంది. ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాను. మా దర్వాజకు అది పొడుగైంది. అడుగున రెండంగుళాలు నేనే రంపంతో కోశాను, వంకరగా వచ్చింది. అవ్వ ఉంటే ఎలుక కొరికినట్టు కోసినవ్ అనేది. బందులకు నూనె పోసి, తీసి, వేసి, మళ్లీ తీశాను. చప్పుడు రాలేదు. ఒక్కదాన్నే మురిసిపోయి అల్లం దంచాను.

మొన్న ఆదివారం పొద్దున చాయ మరుగుతుండగా ఎవరో తలుపు తట్టారు. గాటులోంచి చూశాను. పక్కింట్లోకి కొత్తగా దిగినామె. చెంపకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

"అక్కా, జర మేకులుంటయా?"

గోడకా, కట్టెకా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. గడియ తీసి, రేకు డబ్బా ఉన్న అలమర వైపు పోకుండా పొయ్యి వైపు నడిచాను.

"ఉన్నయి బిడ్డా. ముందుగాల లోపలికొచ్చి చాయ తాగు. ఇంట్ల ఏం ఇరిగినా ముట్టకు. నేనొచ్చి సూస్త."

ఆమె కొంగు దించింది. నా వెనక తలుపు చప్పుడు లేకుండా మూసుకుంది.