నానని ఇరవై మూడు గింజలు

జూన్ పద్నాలుగు, శుక్రవారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు నేను మా పెద్దమ్మ అనప విత్తనాల మీది ఎర్రమన్ను కడిగేశాను. తప్పు అక్కడే మొదలైంది. ఆ రోజు డైరీలో మాత్రం దానిని తప్పుగా నమోదు చేసుకోలేదు. ‘విత్తనాలు శుభ్రపరచి, లెక్కించడమైనది’ అని రాసుకున్నాను.

పెద్దమ్మది ఐరాల దగ్గర ఒక పల్లె. వేరుశనగ సాళ్ళ మధ్య ఆమె తన అత్తగారి కాలం నుంచి ఒకే అనప విత్తనం, గోధుమరంగుదీ తెల్లదీ కలిపి, వేస్తూ వచ్చింది. గత డిసెంబరులో ముసురు పట్టి కాయంతా తీగ మీదే కుళ్ళిపోయింది. మిగిలిన విత్తనం ఒక చిన్న డబ్బాలో సరిపోయింది. తిరుపతిలో మా ఇంట్లో ఉండి కంటి శుక్లానికి ఆపరేషను చేయించుకుని తిరిగి వెళ్ళేటప్పుడు, తన ఇంట్లో ఎలుకల బెడద ఉందని ఆ డబ్బా నా చేతికిచ్చింది.

“వాన పడేదాకా నీకాడ పెట్టుకో అప్పా. ఇవి పోతే మళ్ళా యాడా దొరకవు. అంగట్లో అమ్మేది అనప కాదు, దాని బొమ్మ. వాసనే ఉండదు దానికి.”

ఆ వాసన నాకు తెలుసు. అనప చిక్కుడు జాతిది; కాయ చదునుగా, కొంచెం కొడవలిలా వంగి, కొసన చిన్న ముక్కుతో ఉంటుంది. అంచు వెంట గరుకుగా ఒక మడత. ఆ మడత మంచు పడే నెలల్లో జిగురు నూనెను ఊరుస్తుంది. కాయ ఒలిచిన చేతిని రెండు సార్లు సబ్బుతో కడిగినా ఆ వాసన వదలదు. కాయకు మూడు నుంచి ఐదు గింజలు. గింజ అంచున, చుట్టుకొలతలో ఇంచుమించు మూడో వంతు దూరం, తెల్లని గీత ఒకటి ఉబ్బుగా, నుదుటి నామంలా సాగుతుంది. గింజ కాయను అంటుకుని తల్లి నుంచి పాలు తాగిన చోటు అదే. అంత చిన్న వస్తువులో అంత తీర్చిన పనితనం నేను మరెక్కడా చూడలేదు.

ఊరికే పొగడడం నాకు నచ్చదు. కనుక కొలవాలనుకున్నాను. మన్ను అడ్డమొచ్చింది. కడిగి, పాత పేపరు మీద ఫ్యాను కింద ఆరబెట్టి, లెక్కపెట్టాను. ముదురు గోధుమరంగువి నాలుగు వందల ముప్పై ఒకటి, తెల్లవి నూట ఎనభై ఒకటి, మొత్తం ఆరు వందల పన్నెండు. గోధుమరంగులో మూడు పుచ్చినవి తీసేశాను. నాలుగు గింజల పొడవు స్కేలుతో కొలిచి రాసుకున్నాను. పుచ్చులు పోగా మిగిలినవన్నీ స్టీలు డబ్బాలో పోసి వంటింటి అలమారులో పెట్టి, నా పని పద్ధతికి నేనే సంతోషించాను.

మా వైపు ఇళ్ళలో ఎవరూ చెప్పకుండానే నడిచే నియమం ఒకటుంది. మన్ను పట్టించిన గింజ విత్తనం, మన్ను లేనిది కూర. డబ్బా మీద పేరు రాయరు. మన్నే పేరు. నాకది తెలియక కాదు. తెలిసి కూడా, ఆ ఎర్రమన్నును మురికిగానే చూశాను.

జూన్ పంతొమ్మిది సాయంత్రం నా భార్య ఆ గింజలను నానబోసింది. మరునాడు కంటి పరీక్షకు పెద్దమ్మ వస్తోంది, ఆమెకు పితికిపప్పు ఇష్టం. నానిన గింజను రెండు వేళ్ళ మధ్య పట్టి నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు బయటికి జారుతుంది. ఒక్కొక్క గింజనూ అలా పితకాలి. ఇష్టమైన మనిషి వస్తే తప్ప ఎవరూ పెట్టుకోని పని అది.

ఇరవయ్యో తేదీ ఉదయం తొమ్మిదింటికి పెద్దమ్మ సంగటిలో పితికిపప్పు కలుపుకొని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“అమ్మాయ్, ఈ గింజలు యాడివి?”

“అలమారులో ఉండె అత్తా, స్టీలు డబ్బాలో. ఏం, బాగలేదా?”

“బాగుండాది. ఉప్పు సాల్లేదు గానీ బాగుండాది. ఇది నా సేని అనప.”

నా భార్య నా వైపు చూసింది. నేను మన్ను కడిగిన సంగతి చెప్పాను. ఎందుకని పెద్దమ్మ అడిగింది. కొలవడానికి అన్నాను. ఆ మాట నాకే ఎంతో చిన్నదిగా వినిపించింది.

“అయ్యో, నేను విత్తనం వండేసినా అత్తా” అంటూ నా భార్య కళ్ళు తుడుచుకుంది.

“నీ తప్పేముండాది? మన్ను లేంది కూరే కదా. సదువుకున్నోడని వీని సేతికిచ్చినా సూడు, నన్ననాల.” పెద్దమ్మ రెండో ముద్ద తినలేదు. నా భార్య వైపు తిరిగింది. “నాననివి ఉంటాయే, రాళ్ళు మాదిరి? అవి ఏం సేసినావు?”

“తొక్కల్తో పాటు చెత్తబుట్టలో ఏసినా.”

వరండాలో పేపరు పరిచి బుట్ట బోర్లించాను. తడి తొక్కల మధ్య, రాత్రంతా నీళ్ళలో ఉన్నా ఒక్క చుక్క లోపలికి రానివ్వని గింజలు, వేసినప్పటి పరిమాణంలోనే, నిగనిగలాడుతూ దొరికాయి. ఇరవై మూడు. ఒక్కటి కూడా జారిపోకూడదని తొక్కలు సైతం లెక్కపెట్టాను. ఐదు వందల ఎనభై ఆరు. రెండూ కలిపితే ఆరు వందల తొమ్మిది, సరిపోయింది.

“తొక్కలు లెక్కబెడతా ఉండాడు సూడమ్మా నీ మొగుడు” అని పెద్దమ్మ నవ్వింది. ఆ ఉదయం ఆమె నవ్వడం అదే మొదలు.

వంటలో ఏ ఇల్లాలైనా తిట్టుకునే గింజలవి. ఎంత ఉడికినా పంటి కింద రాయిలా తగులుతాయి. కానీ తొలి వానకు తోటివన్నీ మొలిచి, ఆ తరువాత ఎండకు మాడిపోయిన ఏట, మట్టిలో కదలకుండా పడుకుని రెండో వానకు లేచేవి కూడా అవేనని పెద్దమ్మ చెప్పింది. ఒక కాయలో పుట్టిన గింజలన్నీ ఒకే రోజున మేలుకోకుండా ఆ మొక్క చేసుకున్న ఏర్పాటు అది. అరవై ఏళ్ళుగా చేలో చూసిన దానిని ఆమె రెండు వాక్యాల్లో చెప్పింది. నేను ఆ పూటే డైరీలోకి ఎక్కించాను.

గింజలను అరచేతిలో పోసుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. “తెల్లది ఒగటీ లేదే.” తెల్ల గింజ తొక్క పలుచన. అన్నీ నానిపోయాయి.

ఎనిమిది గింజలు పక్కన పెట్టింది. “అన్నీ ఒగేసారి బూమికి ఇచ్చేస్తే ఎట్ల?” మిగిలిన పదిహేనింటిని, నీళ్ళు లోపలికి దిగేలా, మెట్టు అంచున గరుకు రాతి మీద ఒక్కొక్కటిగా అరగదీసింది. నేను సాయం పట్టబోతే ఆపింది.

“నామం కాడ గీకబాకు, మొలక సస్తాది. ఈపున గీకాల, కొంచెం. లోపల తెలుపు కనపడితే సాలు.”

జూన్ ఇరవై ఏడున వాన పడింది. మరునాడు పెద్దమ్మ వాటిని పల్లెలో తన పెరట్లోనే, తన కళ్ళెదుట నాటించింది. నాలుగు ఆదివారాలు నేను పల్లెకు వెళ్ళి చూసి వచ్చాను. పద్నాలుగు మొలిచాయి. కుందేళ్ళు రెండింటిని కొరికేశాయి. పన్నెండు తీగలు జనవరిలో గుత్తులుగా కాచాయి. ఒక కాయ తెంపి వాసన చూశాను. అదే నూనె, అదే ఘాటు. పెద్దమ్మ కాయలు ఎండబెట్టి, కొట్టి, గింజకు మన్ను పట్టించింది. మన్ను ఆరేదాకా నన్ను దగ్గరికి రానివ్వలేదు. తెల్ల గింజ కోసం చుట్టుపక్కల నాలుగు పల్లెల్లో అడిగించింది. ఎవరి దగ్గరా లేదు.

పోయినవి: పుచ్చులు మూడు. కూరలోకి ఐదు వందల ఎనభై ఆరు, అందులో తెల్లవి నూట ఎనభై ఒకటి, అంటే ఆ రకం మొత్తం. మొలవనిది ఒకటి. కుందేళ్ళకు రెండు.

మిగిలినవి: అరగదీయని గింజలు ఎనిమిది. కొత్త గోధుమరంగు విత్తనం ఒక పడి, మన్నుతో సహా.