బోర్డు మీద అడుగు వరుస

ఆళ్లగడ్డ బస్టాండుకు ఎదురుగా మాధవయ్య శెట్టి చిల్లర అంగడి ఉండేది. ఆ అంగడి పక్క గోడకు ఒక నల్లబోర్డు వేలాడుతుండేది. దాని మీద రోజూ వార్తలు రాసేవాడు జకరయ్య. మిషన్ ఎలిమెంటరీ బడిలో ఆయన అయ్యవారు. నంద్యాల నుంచి పొద్దున్నే మొదటి బస్సులో పేపరు దిగేది. దాన్ని అంగడి అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివి, బడి గంట కొట్టేలోగా బోర్డు నింపేవాడు. పైన రాజకీయం. దాని కింద ఆరోగ్యం గురించో సైన్సు గురించో ఒక సంగతి. అడుగున ఒక గీత గీసి, ఆ గీత కింద తన సొంత మాట.

బస్సు కోసం నిలబడినవాళ్ళు ఆ అడుగు వరుస కోసమే బోర్డు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక ఏడు వానలు మొహం చాటేసినప్పుడు ఎవరో మంత్రి జీపులో వచ్చి పొలాలు చూసి వెళ్ళాడు. ఆ మర్నాడు జకరయ్య ఇలా రాశాడు: "మంత్రిగారు కరువును చూసి వెళ్ళిపోయారు. కరువు మాత్రం వెళ్ళలేదు." శిరివెళ్ల నుంచి వచ్చిన రైతులు ఆ మాటను మూటగట్టుకుని ఊళ్ళకు తీసుకుపోయారు. దేశంలో మశూచి లేకుండా పోయిందని పేపర్లో పడ్డ రోజున, "పోగొట్టింది సూది. అమ్మవారికి కోళ్ళు కోసినవాళ్ళు ఆ సూదికీ ఒక దండం పెట్టండి" అని రాశాడు. ఆ మాట మాధవయ్యకు నచ్చలేదు. అయినా ఏమీ అనలేదు. ఆయన గోడ ఇచ్చాడు, బోర్డు చేయించాడు. ఏం రాయాలన్నది అయ్యవారి ఇష్టం అనుకునే మనిషి.

ఎమర్జెన్సీ వచ్చాక, వార్తలు రాసుకో గానీ సొంత మాటలు వద్దని ఎవరో కబురు పంపారు. జకరయ్య వినయంగా సరేనన్నాడు. రోజూ గీత మాత్రం గీసేవాడు. దాని కింద ఖాళీగా వదిలేసేవాడు. జనం అక్కడిదాకా చదివి, ఖాళీ జాగాను కూడా కాసేపు చూసి, ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళు. డెబ్బై ఏడు ఎన్నికల్లో రాష్ట్రమంతా ఎమర్జెన్సీ పెట్టిన పార్టీ దారిన పోతే నంద్యాల ఇంకో దారిన పోయింది. ఆ రోజు అడుగు వరుస మళ్ళీ నిండింది.

ఆ తర్వాత స్కైలాబ్ వచ్చింది. ఆకాశంలో తిరిగే అమెరికా వాళ్ళ యంత్రం ఎక్కడ పడుతుందో తెలియదని వార్త రాగానే, ఊళ్ళలో ఇక ఇదే ఆఖరని కోళ్ళూ మేకలూ కోసుకుతిన్నారు. "భూమి మీద ముప్పాతిక వంతు సముద్రమే. దానికి ఆళ్లగడ్డే కావాల్సి వచ్చిందా?" అని జకరయ్య రాశాడు. అది ఎక్కడో ఆస్ట్రేలియా దిక్కున పడింది. అప్పటినుంచి ఆయన మాటకు తిరుగులేకుండా పోయింది. అయ్యోరు రాసినాడంటే అంతే అనేవాళ్ళు. ఆ మాటలు చెవిన పడితే ఆయనకు లోలోపల తీయగానే ఉండేది.

ఎనభైలో, ఫిబ్రవరి నెలలో ఒక శనివారం, పట్టపగలు సూర్యగ్రహణం వచ్చింది. కృష్ణ అవతల సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడనీ, ఆళ్లగడ్డలో సన్నని అంచు మాత్రం మిగులుతుందనీ పేపరు రాసింది. పాము సూర్యుణ్ణి మింగుతుందని ఊరు ముందు నుంచే భయపడి ఉంది. అంగళ్ళు మూస్తామన్నారు. కడుపుతో ఉన్నవాళ్ళను కదలొద్దన్నారు. నీళ్ళ కుండల్లో గరిక వేశారు. చర్చికి వచ్చేవాళ్ళు కూడా తలుపులకు గడియలు చూసుకున్నారు. జకరయ్యకు మంటెత్తింది. గ్రహణం రోజు పొద్దున రాజకీయం రాయలేదు. చంద్రుడు అడ్డం రావడం ఎట్లాగో బొమ్మ వేసి, అడుగున పెద్ద అక్షరాలతో, "గ్రహణం అంటే నీడ. నీడకు జడిసేది పసిబిడ్డలు. బయటికి రండి, ఆకాశం చూడండి" అని రాశాడు.

ఆయన భార్య లూదియా కూడా అదే బడిలో టీచరు. బడికి పోతూ బోర్డు ముందు ఆగింది.

"కండ్ల సంగతి రాయలేదే. వట్టి కండ్లతో చూడొద్దని పేపర్లో అంత పెద్దగా ఏసినారు."

"జాగా యాడుంది? అయినా ఇప్పటికే జనం దాక్కుంటాండారు. చూడొద్దంటే ఇంకా దాక్కుంటారు."

"అది ఒక భయం, ఇది ఒక భయం. రెండూ ఒకటెట్ల అవుతాయి?"

"రేపు రాస్తాలే."

"రేపటికి గ్రహణం యాడుంటాది?" అని లూదియా ముందుకు నడిచింది. జకరయ్య సుద్దముక్క పట్టుకుని బోర్డు వంక చూశాడు. తుడిస్తే అడుగు వరుసే తుడవాలి. చేయి రాలేదు.

మధ్యాహ్నం బజారు నిర్మానుష్యమైంది. బడి ఆవరణలో వేపచెట్టు కింద నేల మీద పడే వెలుగు చుక్కలన్నీ చిన్న చిన్న కొడవళ్ళయ్యాయి. జకరయ్య వాటిని చూస్తూ చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. పైకి మాత్రం చూడలేదు. చూడకూడదని ఆయనకు తెలుసు.

పుల్లయ్యకు తెలియదు. పుల్లయ్య బస్టాండులో హమాలీ. బస్సుల పైకి మూటలు ఎక్కించి దించేవాడు. బడి మొహం చూడని మనిషి. ఆ బోర్డు ముందు నిలబడి, జకరయ్యను అడిగీ అడిగీ అక్షరాలు నేర్చుకున్నాడు. కూడబలుక్కుని చదివేవాడు. మూడు నాలుగేళ్ళలో బస్సుల ఊరి పేర్లూ, బోర్డు మీది పెద్ద అక్షరాలూ చదవగలిగాడు. ఆ రోజు బస్సులకు జనం లేరు, మూటలు లేవు. ఆగి ఉన్న నంద్యాల బస్సు పైకెక్కి, వెల్లకిలా పడుకుని, అయ్యవారు చెప్పినట్టు ఆకాశం చూశాడు. మొదట కళ్ళు చెదిరాయి. సూర్యుడు సన్నబడేకొద్దీ వెలుగు తగ్గి చూపు నిలిచింది. తృప్తిగా చూశాడు.

సోమవారం పొద్దున జకరయ్య తడిగుడ్డతో బోర్డు తుడిచి, ఆరాక రాస్తున్నాడు. పుల్లయ్య వచ్చి వెనక నిలబడ్డాడు.

"అయ్యోరా, ఈ పొద్దు బోర్డు సరిగా తుడవలేదా? నడిమధ్యన మసకగా ఉండాది."

"ఇప్పుడేగదప్పా తుడిచింది."

"లేదు, ఉండాది. నువ్వు రాసేకాడే ఉండాది." పుల్లయ్య తల అటూ ఇటూ తిప్పాడు. "నీ మొగం మీద గూడా ఉండాదే."

జకరయ్య అతని వైపు తిరిగాడు. "పుల్లయ్యా, మొన్న నువ్వు సూర్యుణ్ణి చూసినావా?"

"చూసినా. నువ్వేగదా రాసింది."

ఆయన ఆ రోజు బడికి పోలేదు. పుల్లయ్యను వెంటబెట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. అక్కడ కంటి డాక్టరు గది చీకటి చేసి, లైటు వేసి రెండు కళ్ళూ చూశాడు. భూతద్దం కింద కాగితం కాలినట్టు కంటి లోపలి పొర నడుమ కాలిందనీ, కొంత దానంతట అదే తేరుకోవచ్చనీ, తేరుకోకపోనూ వచ్చనీ, మందు లేదనీ చెప్పాడు. పక్కల చూపు బాగానే ఉంటుంది. నేరుగా దేన్ని చూస్తే అదే కనిపించదు.

"అంతసేపు చూడమని ఎవరు చెప్పారయ్యా నీకు?" అని డాక్టరు విసుక్కున్నాడు.

"ఎవురూ చెప్పలేదు సారూ. నేనే చూసినా," అన్నాడు పుల్లయ్య.

జకరయ్య జేబులోంచి డబ్బులు తీసి డాక్టరు బల్ల మీద పెట్టాడు.

తిరుగు బస్సు శిరివెళ్ల దాటింది. అప్పుడు జకరయ్య అన్నాడు. "నాకు తెలుసు పుల్లయ్యా. వట్టి కండ్లతో చూడకూడదని పేపర్లో ఉన్నింది. నేను రాయలేదు. నా మాటకు జాగా చాలదని దాన్ని వదిలేసినా."

పుల్లయ్య కిటికీ వైపు తిరిగాడు. "తిట్టాలని ఉండాది అయ్యోరా," అన్నాడు. "మా ఇంటిది నిన్ను తిడతాది, నేను ఆపను. కానీ ఒక మాట చెప్తా. ఆ పొద్దు అది చానా అందంగా ఉన్నింది. అందుకే అంతసేపు చూసినా. నువ్వు రాయకపోయినా కొంచెం చూసేవాణ్ణే."

ఆ మాట జకరయ్యకు ఊరట కాలేదు. 'కొంచెం' అన్న చోటే ఆయన మనసు ఆగిపోయింది.

ఊళ్ళో సంగతి పాకింది. గ్రహణం చూస్తే కళ్ళు పోతాయని పెద్దోళ్ళు ఊరికే అన్నారా అని అరుగుల మీద ఒకటే మాట. సూదికి దండం పెట్టమన్న మనిషి ఇప్పుడేమంటాడని కొందరు నవ్వారు. రెండు రోజులు బోర్డు ఖాళీగా ఉంది. మాధవయ్య నవ్వలేదు. "నీకి మనసు బాగలేకుంటే బోర్డు తీసి లోపల పెట్టిస్తా అయ్యోరూ. బాగయినాక మళ్ళ చూద్దాం," అన్నాడు.

ఇంట్లో జకరయ్య తనలో తాను తర్కించుకున్నాడు. తప్పు ఒప్పుకుంటే గ్రహణం చెడ్డదన్న మాట గెలిచినట్టే. ఒప్పుకోకపోతే ఇంకోసారి ఇంకెవరో పైకి చూస్తారు. ఈ సందిగ్ధం లూదియా ముందు పెట్టాడు. ఆమె బియ్యం ఏరుతోంది.

"ఎవురు గెలిచినారు, ఎవురు ఓడినారని నువ్వు లెక్కపెడతాండావు. కన్ను ఎట్ల కాలిందో రాయి. చదివినోళ్ళకు అర్థమవుతాది."

మర్నాడు ఆయన బోర్డంతా ఆ ఒక్క సంగతే రాశాడు. గ్రహణంలో విషం లేదు. సూర్యుడు రోజూ ఉండేవాడే. మామూలు రోజున కళ్ళు చెదిరి మనమే తల తిప్పుకుంటాం, గ్రహణం రోజున వెలుగు తక్కువై తల తిప్పుకోం, అందుకే కన్ను కాలుతుంది. ఈ జాగ్రత్త పేపర్లో ఉన్నా నేను రాయలేదు, దానివల్ల మన ఊరి మనిషికి హాని జరిగింది. కింద జకరయ్య అని పేరు పెట్టాడు. గీత గీయలేదు.

చదివినవాళ్ళు చదివారు. నవ్వినవాళ్ళు నవ్వారు. ఒక ముసలాయన మాత్రం రెండుసార్లు చదివించుకుని, "అయితే పాము కాదన్నమాట," అని గొణుక్కుంటూ బస్సెక్కాడు.

పుల్లయ్య చూపు కొంత తేరుకుంది. మూటలు ఎత్తడానికి ఇబ్బంది లేకపోయింది. అక్షరాలు మాత్రం చిక్కలేదు. నేరుగా చూస్తే మాయమయ్యేవి, ఓరగా చూస్తే ఒకదాన్నొకటి ఎక్కి కూర్చునేవి. అయినా పొద్దున్నే అలవాటు కొద్దీ బోర్డు దగ్గరికి వచ్చేవాడు. జకరయ్య రాసేముందు అతనికి చదివి వినిపించేవాడు. మొదట్లో అది రుణం తీర్చుకోవడంలా ఉండేది. పోనుపోనూ ఆ వినిపించడంలోనే పని జరగసాగింది. పుల్లయ్యకు అర్థం కానిచోట జకరయ్య మాట మార్చేవాడు. ఒక్కోసారి తనకే అర్థం కాలేదని తేలి, పేపరు మళ్ళీ తిరగేసేవాడు.

అడుగు వరుస చాలాకాలం ఖాళీగానే ఉంది. ఎనభై మూడులో హైదరాబాదులో కొత్త పార్టీ గద్దెనెక్కినప్పుడు ఆ వార్త విని పుల్లయ్య, "గవర్నమెంటు మారితే రుద్రవరం రోడ్డు మారుతాదా?" అని అడిగాడు. జకరయ్య గీత గీసి, ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు రాశాడు. అప్పటినుంచి ఆ వరుసలో ప్రశ్నలే వచ్చేవి. ఆయన పాత చురుకు తగ్గిందని కొందరికి వెలితిగా ఉండేది. ఆయనకూ అప్పుడప్పుడూ ఉండేది. మంచి చమత్కారం ఒకటి తోచినప్పుడు వేళ్ళు దురద పెట్టేవి.

రెండేళ్ళ తర్వాత ఎండాకాలంలో రుద్రవరం వైపు ఊళ్ళలో వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. బావులు అడుగంటి, బురదనీళ్ళు తాగుతున్న రోజులు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పట్టిస్తే బిడ్డలు బతుకుతారని ఆరోగ్యశాఖ కాగితం ఒకటి వచ్చింది. జకరయ్య చదివాడు. "కాచి చల్లార్చిన నీళ్ళు ఒక లీటరు. అందులో పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు."

"లీటరంటే ఎంత?" అన్నాడు పుల్లయ్య.

"లీటరంటే లీటరే."

"కిరసనాయిలు కొలిచేకాడ తెలుస్తాది. ఇంట్లో ఆడమనిషికి ఎట్ల తెలుస్తాది? పిడికెడంటే ఎవురి పిడికెడు? నాదా, లూదియమ్మదా?"

జకరయ్య సుద్ద కింద పెట్టాడు. ఇద్దరూ మాధవయ్యను లేపారు. శెట్టి కొత్త లీటరు కొలత తీసి, అంగట్లో నీళ్ళు తాగే స్టీలు గ్లాసుల్లోకి ఒంపాడు. అయిదు గ్లాసులయ్యాయి. చక్కెరకు లూదియాను పిలిపించారు. ఆమె పిడికిలితో వేసి, మూడు వేళ్ళతో ఉప్పు తీసి కలిపి, రుచి చూసింది. "కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళ కలపాల," అంది. జకరయ్య బోర్డు మీద లీటరుకు బదులు అయిదు గ్లాసులని రాసి, ఆ మాటను కూడా చేర్చాడు. ఆ గ్లాసుకు తాడు కట్టి బోర్డు పక్కన మేకుకు తగిలించమని చెప్పింది పుల్లయ్యే.

ఆ పొద్దున రుద్రవరం బస్సు కోసం వచ్చిన ఓబులమ్మ అనే ముసలామె బోర్డు దగ్గర ఆగింది. చదవడం రాదు. మనవరాలికి రెండు రోజులుగా బేదులట. పుల్లయ్య బోర్డు వైపు తిరగకుండానే మొత్తం చెప్పాడు. ఆమె గ్లాసును మేకు మీంచి తీసి, లోపలికి వేళ్ళు పెట్టి లోతు చూసుకుంది.

"మా ఇంట్లో ఇంత గ్లాసు లేదు నాయనా. చిన్నదుండాది."

"ఈ గ్లాసు లోతు నీ వేలితోనే కొలిచి పెట్టుకో. మీ గ్లాసు దీంట్లో సగముంటే అయిదుకు పది పోయాల. యాడిదాకా వచ్చింది?"

ఆమె రెండో కణుపు దగ్గర బొటనవేలితో పట్టుకుని చూపించింది. ఆ వేలిని అట్లాగే పట్టుకుని బస్సెక్కింది. కండక్టరు టిక్కెట్టు అడిగినా ఆ చేయి వదలలేదు. బడి గంట కొట్టారు. జకరయ్య అరుగు మీంచి లేచి, బస్సు మలుపు తిరిగేదాకా చూసి, బడి వైపు నడిచాడు.