లుపే నడుముకు చాప

మామగారు పోయినప్పటి నుంచి పిసిలా కూర్చుని తిన్నది లేదు. గరాజులో పరిచిన పట్టా మీద చేమదుంపలు చెక్కడం, వచ్చినవాళ్ళకి టీ పోయడం, గిన్నెలు కడగడం, మళ్ళీ దుంపల దగ్గరికి రావడం. చావింట్లో శవం పక్కన కూర్చునేవాళ్ళు వేరు, పొగలో నిలబడేవాళ్ళు వేరు. కోడలు పొగలో నిలబడాలి. అందులో ఆమెకి అన్యాయమేమీ కనిపించలేదు. టోంగాలో వాళ్ళమ్మ అలాగే నిలబడింది. సముద్రం దాటి మాంగెరేకి వచ్చి కాపురం పెట్టాక తనూ అలాగే నిలబడుతోంది.

పెళ్ళైనప్పటి నుంచీ ఆ కుటుంబంలో ఆమెకు మంచి పేరు. నోట్లో నాలుక లేని పిల్ల అనేవాళ్ళు, మెచ్చుకోలుగానే. విమానాశ్రయం పక్కన వంటశాలలో ప్రయాణికుల భోజనాల ట్రేలు సర్దే ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికొస్తే ఆడపడుచు కలోలైనే చెప్పిన పని. తమ్ముడి పిల్లల మీద కన్నవాళ్ళ కంటే మేనత్తకే హక్కెక్కువ వాళ్ళలో. పాపకి తోకిలుపే అని పేరు పెట్టింది కలోలైనే, అందరూ పిలిచేది లుపే అని. ఏ చర్చికి తీసుకెళ్ళాలో, జుట్టు ఎప్పుడు కత్తిరించాలో చెప్పేదీ ఆమే. పిసిలా తన తల్లి పంపిన దుప్పటి పాపకి కప్పితే, బాగుందని చెప్పి ఆ దుప్పటి తన కూతురికి పట్టుకుపోయింది. అన్నిటికీ పిసిలా "సరే వదినా" అంది.

కారు సీటు విషయంలో మాత్రం అనలేదు. రెండేళ్ళు నిండినా లుపే కారులో పిల్లల సీట్లో వెనక్కి తిరిగే కూర్చుంటుంది. బండి ఒక్కసారిగా ఆగితే పిల్ల మెడ ఆగదు, అందుకని వీపంతా సీటుకి ఆనుకుని ఉండాలని ఆసుపత్రి నర్సు చెప్పింది. బిగించిన పట్టీని భుజం దగ్గర వేళ్ళతో గిల్లితే మడత దొరకకూడదనీ చెప్పింది. పిసిలాకి ఇది వేరే ఎవరూ వివరించక్కర్లేదు. ట్రేల బండికి గొళ్ళెం వెయ్యకుండా తోస్తే మలుపులో ఏమవుతుందో ఆమె రోజూ చూసేదే.

"పెద్దవాళ్ళకి వీపు చూపిస్తూ కూర్చోవడం నేర్పుతున్నావు దానికి," అనేది కలోలైనే.

"పాపం లుపే," అనేవాడు మరిది వరసైన ఫిలిమోనే. "దానికి ఏ ఊరైనా దాటిపోయాకే కనపడుతుంది."

అందరూ నవ్వేవాళ్ళు. పిసిలా కూడా నవ్వి, పట్టీ బిగించేది.

మట్టి చేసే రోజు పొద్దున్నే కలోలైనే పాపని తనే ముస్తాబు చేసింది. చావుకి వాళ్ళలో అందరూ నడుముకి చాప చుట్టుకోవాలి. నల్లగౌను మీద, తండ్రి పెట్టెలోంచి తీసిన పాత మొగలాకు చాప చుట్టింది. అంచులు చివికి పోగులు వేలాడుతున్న చాప. నాలుగు మడతలు వేసినా పిల్లకి చంకల నుంచి మోకాళ్ళ దాకా వచ్చింది. పైన కొబ్బరిపీచు తాడు బిగించి ముడి వేసింది.

"మీ తాతని పూడ్చేదాకా ఇది విప్పకూడదు," అంది లుపేతో. లుపే చాప పోగు ఒకటి లాగి నోట్లో పెట్టుకుంది.

సీట్లో కూర్చోబెడితే పట్టీలు అందలేదు. కాళ్ళ మధ్య నుంచి రావలసిన బకిలు చాప కింద ఉండిపోయింది. చర్చి దగ్గరే కదా అనుకుంది పిసిలా. నిద్ర లేని కళ్ళతో పట్టీలన్నీ చివరిదాకా వదులు చేసి, చాప మీదుగా ఎలాగో తగిలించింది. చర్చి ముందు కారాపి, వెనక తలుపు తీసి, పాప చంకల కింద చేతులు వేసింది. బకిలు తీయనే లేదు. పాప వచ్చేసింది. పట్టీలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి, పాప చేతుల్లో ఉంది.

"చూశావా, విప్పే పని కూడా లేదు," అని నవ్వింది కలోలైనే.

ప్రార్థన జరిగినంతసేపూ పిసిలాకి పాటలు వినపడలేదు.

ప్రార్థన అయ్యాక శవపేటిక మోసినవాళ్ళు ముందు బండిలో వెళ్ళారు. ఆమె భర్త సమీసోని వాళ్ళతో ఉన్నాడు. మిగతా కార్లు ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. శ్మశానం దూరం. హైవే మీద పోవాలి.

కలోలైనే ముందు సీట్లో కూర్చుని తిరిగి చూసింది. "ఏమే, ఇంకా కట్టలేదా?"

"చాప ఉంటే పట్టీ బిగియడం లేదు వదినా."

"పొద్దున బిగిసిందిగా."

"బిగియలేదు. బిగిసిందనుకున్నాను."

"అయితే నా ఒళ్ళో ఇయ్యి. నా పిల్లలందరూ ఈ ఒళ్ళోనే తిరిగారు. ఒక్కడన్నా కిటికీలోంచి ఎగిరిపోయాడా?"

"హైవే మీద పోవాలి కదండీ."

"శవం బండి వెనక పోతాం. నాన్నకేం తొందరే ఇప్పుడు?" అంది కలోలైనే. అనేసి, చేతి వెనకవైపుతో కళ్ళు తుడుచుకుంది.

"చాప తీస్తే కట్టగలను. అక్కడ దిగేలోపే మళ్ళీ చుట్టేస్తాం. మీరు వేసిన ముడి, మీరే విప్పండి వదినా."

"విప్పాలా? మా నాన్న ఇంకా భూమ్మీదే ఉన్నాడు. నువ్వు నన్ను విప్పమంటున్నావు."

"కాసేపటికే."

"నువ్వు చాపతోనే బెల్టు పెట్టుకున్నావుగా పొద్దున? నేను పెట్టుకోలేదూ?"

పిసిలా తన వంటికి చుట్టుకున్న ముతక చాప వైపు చూసుకుంది. "పెట్టుకున్నాం," అంది.

ముందున్న కార్లు కదిలాయి. ఫిలిమోనే వ్యాను పక్కకొచ్చి ఆగింది. "అక్కా, బండేమన్నా మొరాయించిందా? ఇక్కడ చోటుంది, వచ్చెయ్. పిల్లని కూడా తెచ్చెయ్."

కలోలైనే దిగి వెనక తలుపు దగ్గరికి వచ్చింది. "ఇటియ్యి."

లుపే అత్తని చూసి రెండు చేతులూ చాపింది. పిసిలా తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది. ఇచ్చేస్తే అయిపోతుంది. మేనత్త అడిగింది, తల్లి ఇచ్చింది. ఎవరూ ఒక్క మాట అనరు. ఖాళీ కారులో ఒక్కతే, ఎవరితో మాట్లాడకుండా కూర్చోవచ్చు. ఇన్ని రోజుల్లో అలాంటి కాస్త సమయం ఎక్కడా దొరకలేదు. ఇవ్వడానికే ఒంగినట్టుంది ఆమె. చేతులు మాత్రం తాడు ముడి మీదికి వెళ్ళాయి.

ముడి గట్టిది. గోళ్ళతో రాలేదు. ఒంగి పళ్ళతో పట్టి లాగింది.

"పిసిలా. ఏం చేస్తున్నావో తెలుస్తోందా?"

"తెలుస్తోంది వదినా."

"తమ్ముడితో చెప్తాను."

"చెప్పండి."

చాప వదులై సీటు మీదికి జారింది. పిసిలా దాన్ని మడిచి పక్కన పెట్టి, పాప భుజాల మీదికి పట్టీలు తెచ్చి బకిలు నొక్కి లాగింది. పాప ఏడుపు మొదలుపెట్టింది. వెనక వ్యాను తలుపు మూసుకున్న చప్పుడు వినపడింది. తిరిగి చూసేసరికి కలోలైనేని ఎక్కించుకుని అది వెళ్ళిపోయింది.

ఆమె చేరేసరికి గుంట చుట్టూ జనం నిలబడి పాడుతున్నారు. కారు దగ్గరే పాపకి చాప చుట్టింది. ఎంత బిగించినా తన ముడి నిలవలేదు. ఒక చేత్తో చాప, ఒక చేత్తో పాపని పట్టుకుని వెనక వరసలో నిలబడింది. కొందరు తిరిగి చూశారు. పక్కకి జరిగి చోటిచ్చినవాళ్ళు లేరు.

మట్టి వెయ్యడం అయ్యాక సమీసోని వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేతులకి తడిమట్టి.

"అక్క ఏడుస్తోంది," అన్నాడు.

"నాన్న పోయాడుగా."

"అందుక్కాదు." కాసేపు మట్టి దులుపుకున్నాడు. "ఆ ముడి నువ్వు ముట్టుకోకుండా ఉండాల్సింది."

"అవును," అంది పిసిలా. "పాపని పొద్దున పట్టీలు తియ్యకుండానే సీట్లోంచి ఎత్తేశాను."

అతను పాప వైపు చూశాడు. పువ్వులు సర్దుతున్న వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

జనం పల్చబడ్డాక పిసిలా కారు దగ్గరికి వచ్చింది. పాప భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది. వెనక తలుపు దగ్గర కలోలైనే నిలబడి ఉంది. ఫిలిమోనే వ్యాను నిండా ముసలివాళ్ళని ఎక్కించుకుని వెళ్ళిపోయాడని ఎవరో అన్నారు. అది నిజమో, ఆమే దిగిపోయిందో పిసిలా అడగలేదు.

కలోలైనే పాప నడుము దగ్గర చెయ్యి పెట్టింది. "ఇదేం ముడే? మేకని కట్టినా నిలవదు."

"రాలేదు వదినా."

"పూడ్చేశారుగా. ఇప్పుడు విప్పితే తప్పు లేదు," అంది కలోలైనే. తాడు లాగి చాప తీసి చంకలో పెట్టుకుంది. ఆచారం కొద్దీ తీసిందో, మెత్తబడి తీసిందో ముఖం చూస్తే తెలియలేదు. వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది.

పిసిలా పాపని సీట్లో దించి పట్టీలు బిగించింది. పాప కళ్ళు తెరవలేదు.

కారు రోడ్డెక్కింది.

"నేను నీతో మాట్లాడుతున్నానని అనుకోకు," అంది కలోలైనే కిటికీలోంచి చూస్తూ.

"అనుకోవడం లేదు."

"వచ్చేటప్పుడు టీకి నీళ్ళు పెట్టొచ్చావా?"

"లేదు."

"ఊళ్ళో సగం మంది ఇంటికొచ్చి కూర్చునుంటారు ఈపాటికి."

"పోగానే పెడతాను వదినా," అంది పిసిలా. ముందు లారీ ఒకటి నెమ్మదిగా పోతోంది. దాన్ని దాటే ఓపిక లేక, దాని వెనకే నడిపింది.